పోలమ్మ అంగడికి రాగి ముద్ర

ఉద్దండరాయలవారి బావమరిదికి తలమీద నాలుగంటే నాలుగే వెంట్రుకలుండేవి. సంతలో ఎవడో జుట్టు మొలిపించే తైలమని అమ్మితే కొని, బాగా దట్టించి పడుకున్నాడు. పొద్దున్నే చూసుకుంటే ఆ నాలుగూ తలగడ మీదున్నాయి.

తమ్ముడి తల చూసి రాణిగారు అన్నం మానేశారు. దాంతో రాజుగారికి ఆవేశం వచ్చేసింది. ఇకమీదట పరీక్ష నెగ్గి, గుమ్మానికి రాగి ముద్ర కొట్టుకున్నవాళ్లే మందులమ్మాలి, ముద్ర లేని అంగడికి పౌర్ణమి నుంచీ తాళం, అని చాటింపు వేయించారు.

మాట మంచిదే. పరీక్ష పెట్టే పని ఆస్థానవైద్యుడు త్రివిక్రమశర్మగారి చేతికి పోవడంతోనే చిక్కొచ్చి పడింది. ఆయన పరీక్షంటే ఇంకేం లేదు, నూరు శ్లోకాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పడమే. ఇరవై ముగ్గురు వెళ్తే నెగ్గింది ఒక్కడు. శర్మగారి అల్లుడు. శొంఠికొమ్ముకీ పసుపుకొమ్ముకీ తేడా ఏంటంటే మామగారిని కనుక్కుని చెప్తానంటాడు గానీ, శ్లోకాలు మాత్రం వడగళ్లలా కురిపిస్తాడు.

ఓడిపోయినవాళ్లలో మేదరపేట పోలమ్మ ఒకతి. ముప్పై ఏళ్లుగా మూలికలు దంచి అమ్ముతోంది. అక్షరం ముక్క రాదు. ఆమె అంగడికి తాళం పడితే పేటలో పసిబిడ్డకి కడుపునొప్పొచ్చినా ఆ అల్లుడుగారి గుమ్మమే గతి.

రాజుగారికి తాంబూలం చుట్టిచ్చే తిప్పన్నదీ ఆ పేటే. పోలమ్మంటే అతనికి ప్రాణం, కాస్త విసుగు కూడా. దగ్గుమందుకి వెళ్తే చాలు, ఎవరికి, ఎన్నేళ్లు, పొడిదగ్గా తడిదగ్గా, నిన్నేం తిన్నారు, అని తలారి దొంగని పట్టుకు అడిగినట్టు అడుగుతుంది. చెప్పందే పొట్లం కట్టదు.

పౌర్ణమి ఇంకో రెండు రోజులుందనగా, తిప్పన్న ఆకుకి సున్నం రాస్తూ, తనకేం పట్టనట్టు ఓ మాట వదిలాడు. శ్లోకాలకి రోగాలు భయపడతాయో లేదో తనకి తెలీదుగానీ, ఒక్కసారి నిజం రోగికి శర్మగారిచేతా, ఓడిపోయిన పోలమ్మచేతా మందు చెప్పించి చూస్తే ప్రభువులకి పొద్దుపోతుందన్నాడు. రాజుగారికి ఆ ముచ్చట నచ్చింది. రోగిని నువ్వే వెతికి పెట్టమన్నారు.

మర్నాడు సభలో శర్మగారు పీట వేసుకుని కూర్చున్నారు. పోలమ్మ స్తంభం పక్కన నిలబడింది. సభంటే ఏంటో పుట్టి ఎరగదు, స్తంభాన్ని వదలడం లేదు. ఆమె వాలకం చూసి తిప్పన్న ఒకే ఆకుకి రెండుసార్లు సున్నం రాశాడు. తను పన్నిన పన్నాగమంతా ఆమె నోరు తెరవడం మీదే ఉంది మరి.

రోగం ఏంటో చెప్పాడు. మూడు రోజులుగా విరేచనం లేదు. కడుపు ఉబ్బిపోయింది. మేత, అంటే తిండి, ముట్టడం లేదు.

శర్మగారు కళ్లు మూసుకుని రెండు శ్లోకాలు చదివి, అల్లుడిచేత ఆవగింజంత మాత్ర తీయించారు. తేనెలో రంగరించి నాకించాలి, పరుపు మీద ఎడమపక్కకి పడుకోబెట్టాలి, కంబళి కప్పాలి, జాము తిరక్కుండా లేచి తిరుగుతారన్నారు.

రాజుగారు పోలమ్మ వైపు చూశారు. పోలమ్మ స్తంభం వెనక్కి ఇంకాస్త జరిగింది.

"చిటికెడు అదీ చిటికెడు ఇదీ కలిపి చేతిలో పెట్టడానికి ఇదేమన్నా నీ కొట్టా, పోలమ్మా?" అన్నారు శర్మగారు. సభ కిసుక్కుమంది.

కొట్టు మాటెత్తేసరికి పోలమ్మకి ప్రాణం లేచొచ్చింది.

"కొట్టయినా కోటయినా అడగాల్సింది అడగాలి కదయ్యా. ఎవరికి నాయనా మందు?" అంది తిప్పన్న వైపు తిరిగి.

"మందు చెప్పమంటే రోగి కులగోత్రాలెందుకే?" అన్నారు శర్మగారు.

"కులంతో నాకేం పనయ్యా. ఎన్నేళ్లు, ఒళ్లు ఏపాటిది, ఏం తిన్నారు, అది చెప్పకపోతే మా పేటలో పిల్లికి కూడా మందివ్వను."

తిప్పన్న మెల్లిగా ఊపిరి వదిలాడు. వయసు ఇరవై రెండని, ఒళ్లు కాస్త భారీయేనని, మొన్న గంపెడు వెలగకాయలు తిన్నదని చెప్పాడు.

"పెంకులు తీసే తిందా?"

"లేదు. పెంకులతోనే."

పోలమ్మ అతన్ని కిందనుంచి పైకి ఓ చూపు చూసింది.

"అయితే ఎన్ని కాళ్లమీద నిలబడుతుందో అది కూడా చెప్పెయ్యి నాయనా."

తిప్పన్న చప్పట్లు కొట్టాడు. పెద్దతలుపులు బార్లా తెరుచుకున్నాయి. నగారాలాంటి పొట్టేసుకుని, మూలుగుతూ, మావటివాడి వెంట పట్టపుటేనుగు లోపలికొచ్చింది. వచ్చి సభ మధ్యలో నిలబడింది.

తిప్పన్న శర్మగారి ముందు చేతులు కట్టుకున్నాడు.

"రోగి వచ్చింది స్వామీ. పరుపులు తెప్పిస్తాను, ఎడమపక్కకి దొర్లించడానికి తమరో చెయ్యి వేస్తారా?"

శర్మగారు ఎర్రబడిపోయారు. "ఏనుగని నాకు చెప్పలేదే," అన్నారు.

"అడిగినావిడకి చెప్పాను కదా స్వామీ."

రాజుగారు నోట్లో తాంబూలం ఉందని కూడా మర్చిపోయి నవ్వారు. సభంతా పొట్ట చేత్తో పట్టుకుంది. రాణిగారు తెర వెనకనుంచి నవ్వడం కూడా వినపడింది. రాజుగారు తన చేత్తో రాగి ముద్ర తీసి పోలమ్మకిచ్చి, ఓడిన మిగతా ఇరవై ఒక్కరికీ, నెగ్గిన ఒక్కడికీ మళ్లీ పరీక్ష పెట్టాలని, ఈసారి పెట్టేది పోలమ్మేనని చెప్పారు. ఇంకేం కావాలో కోరుకోమన్నారు.

"రెండు కడవల ఆముదం, మణుగు బెల్లం ఇప్పించండి మారాజా. మందు ఇక్కడే పట్టమంటే పడతాను గానీ, దాని వెనక కూర్చున్న బాబులు మాత్రం లేచిపోతే మంచిది."

అందరికంటే ముందు లేచింది శర్మగారి అల్లుడు.