సుంకమ్మ వద్దన్న పిలుపు

అనగనగా తుంగభద్ర ఇవతలి ఒడ్డున ఒక ఊళ్ళో సుంకమ్మ అని ఒకామె ఉండేది. నలభై ఏళ్ళకే అత్తగారైంది. తల్లో ఒక్క తెల్లవెంట్రుక లేదని మహా మిడిసిపాటు. ఊ కొడతాండారా? ఊ కొట్టకుంటే కథ ఏట్లో పడి కొట్టుకపోతాది.

కోడలు నీలవ్వది అవతలి ఒడ్డు, కన్నడదేశం. పుట్టిలో ఏరు దాటొచ్చి, గడపలో కాలు పెడుతూనే "అవ్వా" అని పిలిచింది. వాళ్ళకు అవ్వ అంటే అమ్మ. మనకేమో ముసలవ్వ. తెలంగాణ పోతే మళ్ళీ అమ్మే. కోస్తావాళ్ళయితే సిగ్గుమాలిన పని ఏదన్నా చూసినప్పుడు అవ్వ అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు! ఏ కాలంలో ఏ పసిబిడ్డ నోట పుట్టిందో ఆ చిన్నమాట, ఏరు దాటినప్పుడల్లా ఒక వేషం కట్టింది.

సుంకమ్మకు ఇదంతా తెలీదా? తెలుసు. ఏటి ఒడ్డు మనిషి. అయినా అమ్మలక్కలు నవ్వుతారని, ఇంకోసారి అట్లా పిలిస్తే పలకనని చెప్పేసింది. పిచ్చిది! ఆ పొద్దు నుంచి కోడలు రొట్టె పెట్టినా అత్తా, నీళ్ళు తోడినా అత్తా, కాళ్ళు పిసికినా అత్తా. ఒక్కసారి కూడా నోరు జారలేదు.

ఆ యేడు వానలకు ఏరు పొంగినప్పుడే అవతలి ఒడ్డున నీలవ్వ తల్లి పోయింది. పుట్టి నడిపేవాడు లేడు. గట్టున నిలబడి అవ్వా, అవ్వా అని ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు సుంకమ్మ చెవిన పడింది. ఇంత మాటనా నేను వద్దనింది అనుకుంది. ఇకమీద నన్నే అట్లా పిలువు తల్లీ అని చెప్పాలనుకుంది. కానీ అత్తరికం ఉందే, అది నాలుక పట్టుకుంది. రేపు చెబుదాం, మాపు చెబుదాం అంటూ వానలు పోయె, కోతలు పోయె, జొన్నలు గాదెకెక్కె.

నీలవ్వకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల సుంకమ్మ కొంగు పట్టుకుని మొదట పలికిన మాట అవ్వ. ఇల్లంతా ఒకటే సంబరం. అప్పుడు నోరు తెరిచింది మహాతల్లి, "నువ్వూ అట్లే పిలవ్వే నీలవ్వా" అని.

నీలవ్వ నవ్వి, "అది ఇప్పుడు పాప మాట కదా అత్తా" అనింది. కోపంతో కాదమ్మా. కోపమైతే ఒకనాటికి దిగేది.

అంతా సుఖంగానే ఉన్నారు. మనవరాలు అవ్వా అంటే సుంకమ్మ ఓయ్ అని పలికేది, పలుకుతూనే వంటింటి వైపు చూసేది. అందుకే, పిలిచినప్పుడే పలకాలి నాయనా. కథ కంచికి పోయింది, మీరు దుప్పట్లోకి దూరండి.