పెరలబండ మీద పదిహేడో ఎక్కం

ఏడో రోజు పొద్దున ఇందుజ తాడు పట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు.

శిబిరంలో పద్నాలుగు మంది పిల్లలు. పదిహేనేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళు. వీపున బ్యాగులు మోసుకుంటూ నల్లమలలో పది రోజులు నడవాలి, దారిలో తగిలిన బండలు ఎక్కడం నేర్చుకోవాలి. ఎక్కేవాళ్ళ నడుముకు కట్టిన తాడు, బండ నెత్తిన బిగించిన కొక్కెం గుండా తిరిగి కిందికి దిగుతుంది. ఆ రెండో కొస కింద నిలబడ్డవాళ్ళ చేతుల్లో ఉంటుంది. పైన ఎక్కుతున్న కొద్దీ కింద తాడు లాక్కుంటూ ఉండాలి, జారితే బిగపట్టాలి. ఒకరు పట్టందే ఇంకొకరు ఎక్కకూడదు. తిండికీ నిద్రకూ లేనంత గట్టి నియమం అది.

ఎక్కడంలో ఇందుజను మించినవాళ్ళు ఆ పద్నాలుగు మందిలో లేరు. హైదరాబాదులో, ఎక్కడం నేర్పే గోడల మీద నాలుగేళ్ళు గడిపిన పిల్ల. గోరు ఆనేంత సందు దొరికితే చాలు, నిలబడిపోయేది. కానీ ఒక అలవాటుంది. నాలుగడుగులకోసారి ఆగి తాడును గట్టిగా గుంజేది. కిందివాళ్ళు మెలకువగా ఉన్నారో లేదో చూడటానికి. గుంజినప్పుడల్లా పట్టుకున్నవాళ్ళ అరచేతులు ఒరుసుకుపోయేవి. చేతులు మండటం ఒక ఎత్తు, ఆ గుంజుడుకు ఒళ్ళు మండటం ఇంకో ఎత్తు.

"నేనేమన్నా నిద్రపోతున్నానా ఇక్కడ?" అని మొదటిరోజే ఒకబ్బాయి తాడు వదిలించుకున్నాడు. అలా రోజుకొకరు. ఆరో రోజు వంతు రజియాది. ఏదో గురుకులం నుంచి వచ్చిన పిల్ల, అందరికన్నా చిన్నది. ఇందుజ కిందికి దిగగానే రెండు అరచేతులూ ఆమె ముఖం ముందు పెట్టింది.

"ఇరవై మూడుసార్లు గుంజినవ్ అక్కా. లెక్కపెట్టిన."

"ఇరవై నాలుగోసారి నువ్వు లేకపోతే?" అంది ఇందుజ.

రజియా చేతులు కడుక్కోవడానికి వాగు వైపు వెళ్ళిపోయింది.

తొమ్మిదో రోజు పెరలబండ ఎక్కాలి. ఇందుజ ఈ శిబిరానికి వచ్చిందే దానికోసం. తాడు పట్టే మనిషి లేకపోతే కింద కూర్చుని మిగతావాళ్ళ సంచులు కాపలా కాయాలి.

ఏడో రోజు మధ్యాహ్నం ఆమె అంకన్న దగ్గరికి వెళ్ళింది.

అంకన్న చెంచు. అరవై దాటాయి. వయసులో ఉన్నప్పుడు కొండల అంచుల నుంచి తాడు మీద వేలాడి తేనె కోసేవాడు. ఇప్పుడు పిల్లలకు బండలెక్కడం నేర్పుతున్నాడు. నేర్పడమంటే పెద్దగా మాట్లాడేదేమీ లేదు. తను చేసేవాడు, వాళ్ళు చూసేవాళ్ళు. అప్పుడు రాయి మీద కూర్చుని ఒక బ్యాగు తెగిన పట్టీని కుడుతున్నాడు.

"తాతా, నాకు ఒంటరిగా ఎక్కడం నేర్పించండి."

"ఎందుకు బిడ్డా?"

"ఎవరి చేతుల మీదా నాకు నమ్మకం లేదు. లేనిదాన్ని ఉన్నట్టు నటించడం నాకు రాదు. కాదు, ఒకరు పట్టాల్సిందే అంటారా, మీరే పట్టండి."

అంకన్న దారం పంటితో తెంపాడు.

"నేను పడితే గుంజవా?"

ఇందుజ ఆలోచించింది. "గుంజుతాను."

"అబద్ధమాడలే," అని నవ్వి లేచాడు. "తాడు తీసుకొని రా."

ఇద్దరూ శిబిరానికి దగ్గర్లోనే ఉన్న పెరలబండ వెనక వాలు మీదుగా పైకి నడిచారు. చలికాలం. తేనెటీగలు వలస వెళ్ళిపోయాయి. వేసవి దాకా పెద్ద పెద్ద తేనెపెరలు వేలాడిన చోట ఇప్పుడు బండ మీద నల్లటి మరకలు మిగిలాయి.

"మీరు తేనె కోసేటప్పుడు మీ తాడు ఎవరు పట్టేవాళ్ళు?" అనడిగింది ఇందుజ.

"బావమరిది. తేనె తాడు బావమరిదే పడతడు. అన్నదమ్ములకు గూడ ఇయ్యం."

"అదేం? అన్నదమ్ముల మీద నమ్మకం లేదా?"

"నేను కింద పడితే బొట్టు పోయేది వాళ్ళక్కది గద."

ఇందుజ టక్కున ఆగింది. "అంటే మీ మీద ప్రేమతో పట్టలేదు. వాళ్ళక్క కోసం పట్టాడు. దాన్ని నమ్మకం అనకూడదు తాతా. హామీ అనాలి. నాకు అలాంటి హామీ ఇచ్చేవాళ్ళు ఇక్కడ ఎవరున్నారు?"

"ఎవ్వరు లేరు," అన్నాడు అంకన్న.

వాదన తనే గెలిచినట్టుంది. గెలిచాక నడవాల్సిన దారి మాత్రం ఇంకా అంతే ఉంది. కాసేపటికి ఆమే మళ్ళీ అడిగింది.

"ఇప్పుడాయన ఎక్కడున్నాడు?"

"లేడు. ఆరేండ్లాయె. వానల్ల జరమొచ్చింది, నాలుగు రోజులల్ల పోయిండు. అప్పటిసంది నేనూ దిగలే."

బండ నెత్తికి చేరారు. ముందు అడవి, అడవి అవతల ఇంకో అడవి. మనిషి అలికిడి ఎక్కడా లేదు. అంకన్న ఆమె నడుము పట్టీని వెనకున్న చెట్టు మొదలుకు బిగించి కట్టాడు. అంచుకు పది అడుగుల ఇవతలే కూర్చోబెట్టాడు. తాడు ఒక కొస తన నడుముకు ముడివేసుకున్నాడు. రెండో వైపును ఆమె నడుముకున్న ఇనుప పట్టులోంచి దూర్చి చేతికిచ్చాడు.

ఇందుజకు అప్పుడు అర్థమైంది, ఎవరు దిగుతున్నారో, ఎవరు పట్టాలో.

"తాతా! ఇదేంటి? నేనా?"

"కింద బండకున్న అరుగు మీద మా బావమరిది గెడ ఉండిపోయింది. తేనె కోసే గెడ. చూసొస్త."

"నేను మీకేమవుతానని నా చేతికిస్తున్నారు?"

"ఏం గావు," అన్నాడు అంకన్న, అంచున కూర్చుని కాళ్ళు కిందికి వదులుతూ. ఆమె చేతుల వైపు కూడా చూడలేదు. తెల్ల తల అంచు కిందికి జారిపోయింది.

తాడు కదిలింది. ఇందుజ కొద్దికొద్దిగా వదిలింది. పది అడుగులు. ఇరవై. అరవై దాటాక తాడు ఆగిపోయింది.

అరుగు మీద దిగి ఉంటాడు అనుకుంది. గెడ తీసుకుని ఇప్పుడే కదులుతాడు అనుకుంది.

కదల్లేదు.

చెట్టు నీడ ఆమె మోకాలి దగ్గర్నుంచి పాదం దాకా జరిగింది. "తాతా!" అని పిలిచింది. జవాబు లేదు. గొంతు చించుకుని అరిచింది. ఎదురు లోయలోంచి తన గొంతే తిరిగొచ్చింది. ఒక గద్ద బండ అంచు కింది నుంచి లేచి, ఆమె ఎత్తుకు వచ్చి, ఆమెను చూసి పక్కకు తిరిగింది.

లేచి తొంగిచూద్దామంటే వెనక చెట్టుకు కట్టేసి ఉంది. కట్టు విప్పుకుందామంటే తాడు వదలాలి. చేతిలో బరువుంది, ఆ బరువు మనిషిదో, రాతికి చిక్కుకున్న తాడుదో తెలియడం లేదు.

ఒక్కసారి గుంజు తాతా, అనుకుంది. ఒక్కసారి. ఉన్నానని.

తనే గుంజి చూద్దామా? చెయ్యి బిగుసుకుంది కూడా. ఆయన అరుగు కొసన మునివేళ్ళ మీద నిలబడి ఉంటే? బిగిసిన చెయ్యిని మెల్లగా సడలించుకుంది. ఏడు రోజుల్లో ఎన్నిసార్లు గుంజిందో, అవన్నీ ఇప్పుడు తన అరచేతులకు తెలుస్తున్నాయి.

భయానికి ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది. మాటలేవీ దొరక్క ఎక్కాలు మొదలుపెట్టింది. పదమూడో ఎక్కం, పద్నాలుగో ఎక్కం. చిన్నపిల్లలా గట్టిగా, తాడు వైపే చూస్తూ. "పదిహేడొకట్ల పదిహేడు. పదిహేడు రెండ్ల ముప్పై నాలుగు." పదిహేడు ఎనిమిదుల దగ్గర ఆగిపోయింది. ఎంత తన్నుకున్నా రాలేదు.

ఆ ఆగినచోట ఇంకేదో వచ్చింది. మౌక్తిక అని తనకో స్నేహితురాలుండేదని చెప్పింది. మొదటి మూడేళ్ళూ తన తాడు అదే పట్టిందని. ఒకరోజు ఫోన్ మోగిందని, అది తల తిప్పిందని, ఒక్క క్షణమేనని. తను పద్దెనిమిది అడుగులు కిందపడింది. మణికట్టు రెండు చోట్ల విరిగింది. మౌక్తిక ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన నిలబడి ఏడిస్తే, తను గోడ వైపు తిరిగి పడుకుంది. పదకొండు నెలలైంది. మౌక్తిక పంపిన మెసేజీలు చదివింది, అన్నీ చదివింది, ఒక్కదానికీ జవాబివ్వలేదు. ఎక్కడం నేర్చుకునే గోడ మీద ఇప్పుడు తన పక్కన ఎవరూ ఎక్కరు. క్లాసులో బెంచీ మీద తన పక్కన సంచి కూర్చుంటుంది. ఇదంతా అమ్మకు కూడా చెప్పలేదు. తాడుకు చెప్పింది.

చెప్పడం అయిపోయింది. గాలి ఆగింది. తాడు అలాగే ఉంది.

చాలాసేపటికి, ఆమె చేతుల్లో బరువు తేలికైంది.

ఇందుజ గబగబా తాడు లాక్కుంది. ఒక్క అంగుళం కూడా వదులు ఉండనివ్వలేదు. ముందు ముసలి వేళ్ళు అంచు మీదికి వచ్చాయి, తర్వాత తెల్ల తల. అంకన్న పైకి పాకి, మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"గెడ?"

"ఉంది."

"తేలేదేం?"

"వాడు పెట్టిన కాడ ఉండనీ."

ఇందుజకు భయం పోయిన చోటికి కోపం వచ్చింది. "ఒక్కసారైనా గుంజొచ్చు కదా తాతా! ఉన్నారో పోయారో తెలియక ఇక్కడ నా ప్రాణం పోయింది!"

అంకన్న నీళ్ళు తాగి, సీసా మూత పెట్టాడు.

"పదిహేడు ఎనిమిదుల కాడ ఆగినవేంది?"

ఇందుజ మెల్లగా అడిగింది. "అంతా వినపడిందా?"

ఆయన తలూపాడు.

"మరి పిలిస్తే పలకలేదేం?"

"పలికిన. కింది మాట పైకెక్కదు బిడ్డా. పై మాట దిగుతది."

ఎండ అడవి మీద నుంచి పైకి పోతోంది. అంకన్న నడుము ముడి విప్పుకుంటున్నాడు. విప్పుతూ విప్పుతూ ఆగాడు.

"మా బావమరిదీ గట్లనే. నాకు ఇనరాదనుకొని, తాడు పట్టినంతసేపు నన్ను తిట్టేటోడు."

"ఏమని?"

"శానా." అంకన్న నవ్వాడు. "మా అక్కను సరిగ చూసుకుంటలేవని. బుద్ధి లేదని. పడి సస్తవురా, జాగర్తరా అని. ముప్పై ఏండ్లు తిట్టిండు."

నవ్వు ఆగాక కూడా ఆయన ఆ అంచు వైపే చూస్తూ ఉన్నాడు.

"నువ్వు తిట్టేదంత ఇంటున్న అని ఒక్కనాడు చెప్పకపోతి," అన్నాడు.

ఇద్దరూ కొండ దిగారు.

తొమ్మిదో రోజు పెరలబండ కింద అందరూ చేరారు. ఇందుజ నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస చేత్తో పట్టుకుని, రజియా ముందుకు వెళ్ళి నిలబడింది. జేబులోంచి తన తోలు గ్లౌజులు తీసి ఇచ్చింది.

రజియా వాటిని తిప్పి తిప్పి చూసింది. తొడుక్కుంది. అవి ఆమె చేతులకు పెద్దవి.

"ఇరవై నాలుగోసారి గుంజితే వదిలేస్త, చెప్తున్న," అంది.

పిల్లలు నవ్వారు. అంకన్న నవ్వలేదు. రాయి మీద కూర్చుని ఇంకో బ్యాగు పట్టీ కుడుతున్నాడు.

ఇందుజ ఎక్కింది. నాలుగడుగుల దగ్గర చెయ్యి తాడు మీదికి పోయింది. తిరిగి బండ మీదికి వచ్చింది. ఎనిమిది అడుగుల దగ్గరా అంతే. నలభై అడుగులు దాటాక బండ కడుపులా ముందుకు ఉబ్బి ఉంటుంది. అది దాటితే కిందివాళ్ళు కనపడరు. కిందివాళ్ళకు ఆమె కనపడదు. ఆ ఉబ్బు దాటి, నల్లటి పెర మరక పక్కన మునివేళ్ళ మీద నిలబడింది. గాలి, బండ, తను. అంతే.

ఆమె నడుము దగ్గర తాడు జానెడు వదులుగా వేలాడుతోంది.

చెయ్యి తాడును పట్టుకుంది. బిగించింది.

"రజియా!" అని అరిచింది ఇందుజ. "పదిహేడు ఎనిమిదుల ఎంత?"

కింది నుంచి జవాబేమీ రాలేదు. తాడు మాత్రం ఆమె పిడికిట్లోంచి మెల్లగా పైకి జరిగింది. జానెడే.

ఇందుజ పిడికిలి విప్పి, పై పట్టుకు చెయ్యి చాచింది.