చూడి గొర్రె సోలెడు

అనగా అనగా, ఆనాటి మాట. సిరిమెట్ట సీమను ఎర్రభూపతి అనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు నూరు గొర్రెల మంద ఉండేది. బీరక్క ఆ మందకు కాపరి. దాణా పంచే అధికారం చిత్తప్పది.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. బీళ్లు ఎండిపోయాయి. రాజు ధాన్యపు కొట్టు తెరిపించి, గొర్రెలకు జొన్నలు పెట్టమన్నాడు. చిత్తప్ప నిక్కచ్చి మనిషి. ఒక్క గింజ కూడా దాచుకునేవాడు కాదు. పొట్టేలుకైనా, చూడి గొర్రెకైనా రోజుకు సోలెడేనని కట్టడి చేశాడు. అందరికీ సమంగా పెట్టడమే ధర్మమని అతని నమ్మకం.

చూడి గొర్రెలకు మూడు నెలలు నిండేదాకా ఆ సోలెడు సరిపోయింది. నాలుగో నెలలో ఒక గొర్రె తల వాల్చి మేత మానింది. రెండు రోజులకు చచ్చిపోయింది. బీరక్క పొట్ట కోసి చూస్తే లోపల రెండు పిల్లలు. వాటికి ఒళ్లు వచ్చింది. తల్లి ఒంట్లో మాత్రం కొవ్వన్నది మిగల్లేదు. వారం తిరగకముందే మరో గొర్రె అలాగే పోయింది.

బీరక్క చిత్తప్ప దగ్గరికి వెళ్లింది. కడుపులో పిల్ల పెరిగేదంతా చివరి రెండు నెలల్లోనేనని, చూడి గొర్రెలకు ఇంకాస్త పెట్టాలని వేడుకుంది. అతడు ఓపికగా విన్నాడు. కొన్నిటికి పెంచితే కొట్టులో గింజలు వానల దాకా ఆగవన్నాడు.

ఇంతలో మూడో గొర్రె కూలబడింది. బీరక్క దానికి బెల్లం నీళ్లు గుక్క గుక్కగా పట్టి నిలబెట్టింది. మర్నాటినుంచి పొట్టేళ్ల దాణాలోనూ, చూలు లేని గొర్రెల దాణాలోనూ కొంత తగ్గించి చూడి గొర్రెలకు పెట్టసాగింది. పిల్లలు నిండిన పొట్టలో మేతకు చోటుండదు కనుక రోజుకు మూడు విడతలుగా పెట్టేది.

పది రోజులకు ఈ సంగతి చిత్తప్ప కంటబడింది. అతడు రాజుతో చెప్పాడు. కట్టడి మీరిన కాపరికి మంద దగ్గర చోటు లేదన్నది ఆ సీమ రివాజు. రాజు దొడ్డికి వచ్చి అడిగితే బీరక్క ఏదీ దాచలేదు.

"మీరింది నేనే దొరా. నన్ను పంపేసినా సరే, వీటి మేత మాత్రం తగ్గించకండి" అంది.

తర్వాత మూడో గొర్రెను పట్టుకుని, దాని డొక్క మీద చేయి పెట్టి చూడమని చిత్తప్పను కోరింది. అతడు చేయి పెట్టాడు. లోపల పిల్ల తన్నింది. కాసేపటికి రెండో పక్కనా కదలిక తెలిసింది. అతడు చాలాసేపు చేయి తీయలేదు.

"ఇక్కడున్నది ఒక్క ప్రాణం కాదు ప్రభూ. నేను ఒక్కదానికే కొలిచాను" అన్నాడు చివరికి.

రాజు బీరక్కను మంద దగ్గరే ఉంచి, కట్టడి మార్పించాడు. కొట్టులోంచి గింజ ఎక్కువ తీయలేదు, పంపకమే మారింది. నెల దాటాక ఆ గొర్రె రెండు పిల్లలను ఈనింది. రెండూ లేచి నిలబడి పాలు తాగాయి. చచ్చిన రెండు గొర్రెలు మాత్రం తిరిగి రాలేదు.

అందరికీ ఒకే కొలత పెట్టడం న్యాయం కాదు, ఎవరి అవసరం ఎంతో తెలుసుకుని పెట్టడమే న్యాయం.