పొగ లేని ఇళ్లను వెతికే గంపలమ్మ

రేగడిపాడు నుంచి మగ్గాలపల్లెకు పోయే దారిలో, ఎడమవైపున చెట్టూచేమా పెద్దగా లేని ఒక రాతి గుట్ట కనిపిస్తుంది. దాని నడుము చుట్టూ సున్నం కొట్టిన ప్రహరీ, దానిపైన చిన్న గోపురం. అదే గంపలమ్మ గుట్ట. గోపురం కనపడకపోయినా మనుషులను చూసి గుర్తుపట్టవచ్చు. ఇక్కడ మెట్లెక్కేవారి చేతుల్లో కొబ్బరికాయలు తక్కువ, నెత్తిన గంపలు ఎక్కువ. జొన్నలు, కొర్రలు, రాగులు, ఈ మధ్య బియ్యం, కందిపప్పు కూడా.

అమ్మవారు గుహలో రాతి రూపాన స్వయంభువుగా వెలిశారు. నెత్తిన గంప పెట్టుకుని నిలబడిన స్త్రీ ఆకారం. నెత్తిన బరువున్నవారు ఒక చేత్తో దాన్ని పట్టుకుంటారు కదా. ఈ తల్లి మాత్రం రెండు చేతులూ ముందుకు చాపి ఉంటుంది. మొదటిసారి వచ్చిన భక్తులు ఆ చేతుల సంగతి అడగకుండా వెళ్లరు. వారి కోసమే ఈ కథ.

పూర్వం ఇక్కడ గుడి లేదు, గుట్ట మీదికి దారి కూడా లేదు. గుట్టకు తూర్పున నల్లరేగడి నేల, పడమట ఎర్రనేల. తూర్పున ఒక్క వాన పడినా పంట చేతికొచ్చేది. పడమట ఎన్ని వానలు పడినా నీరు ఇంకిపోయేది. తూర్పు ఊళ్లలో ఇంటింటికీ ధాన్యపు పాతరలు ఉండేవి. నేలలో లోతుగా గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, గింజలు పోసి, పైన రాయి పెట్టి మన్ను కప్పేవారు. పడమటి ఊళ్లలో మగ్గాలే ఆధారం. గుడ్డ అమ్ముడుపోతే గింజ, లేకుంటే లేదు. రెండు వైపులకూ నడుమ ఈ గుట్టే అడ్డం. ఆకలి మాత్రం గుట్టకు పడమటే ఉంటుందని తూర్పువారు నమ్మేవారు.

ఆ రోజుల్లో తిప్పక్క అనే కురుబ స్త్రీ ఈ గుట్ట మీద గొర్రెలు కాసేది. భర్త చిన్నతనంలోనే పోయాడు, పిల్లలు లేరు. మందే ఆమె సంసారం. మనిషి సన్నగా, ఎండుకట్టెలా ఉండేదట గానీ మహా మొండిది. ఒకసారి మనసులో అనుకున్నదంటే ఇక ఆమెను వెనక్కి తిప్పడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

ఒక ముసురు రోజున ఈనడానికి సిద్ధంగా ఉన్న గొర్రె ఒకటి మందలోంచి తప్పిపోయింది. దాన్ని వెతుక్కుంటూ తిప్పక్క బండల నడుమ దూరి ఒక గుహలోకి వచ్చింది. బయట కుండపోత. లోపల నేల మాత్రం పొడిపొడిగా ఉంది. ఎక్కడినుంచో చల్లటి గాలి ఆడుతోంది. గొర్రె అప్పటికే ఈని పిల్లను నాకుతోంది. దాని వెనక, గోడకు ఆనుకుని, నెత్తిన గంపతో ఒక ఆడమనిషి నిలబడి ఉన్నట్టు అనిపించి తిప్పక్క ఉలిక్కిపడింది. దగ్గరికి పోయి చూస్తే రాయి.

"ఎవరు తల్లీ నువ్వు? ఎన్నాళ్లనుంచి మోస్తాండావు ఈ బరువు?" అని చేతులు జోడించింది. వెంట తెచ్చుకున్న జొన్నల మూట అమ్మవారి పాదాల దగ్గర పెట్టి, గొర్రెను, పిల్లను తీసుకుని దిగిపోయింది.

వానాకాలం దాటిపోయాక మళ్లీ వచ్చి మూట విప్పితే గింజ పుచ్చలేదు, బూజు పట్టలేదు, కొత్త పంటలా గలగలలాడింది. తిప్పక్క ఆ గింజలను దోసిట్లో పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చుండిపోయింది. ఆమెది పడమటి ఊరు. చిన్నప్పుడు ఒక కరువులో తన తల్లి తంగేడాకు ఉడికించి పెట్టడం ఆమె చూసింది. గుట్టకు ఆవల పాతరలు నిండుగా ఉన్న ఏడాదే అది. ఆ ఆకు చేదు ఆమె నాలుకను ఎన్నడూ వదిలిపోలేదు. గుహలో కూర్చునే నిశ్చయించుకుంది: వాన పడిన ఏట ఇక్కడ గింజ చేరాలి. పడని ఏట ఇక్కడినుంచి దిగాలి.

రైతులు ఎరువు కోసం తమ పొలాల్లో గొర్రెల మందను నిలుపుకుంటారు, అందుకు గింజలు కొలుస్తారు. అలా వచ్చిన దానిలో తన తిండికి కాస్త ఉంచుకుని తక్కినదంతా తిప్పక్క గుహకు చేర్చేది. అది చాలదని కోతల కాలంలో కళ్లం కళ్లానికీ తిరిగి గంప చాపేది. కొందరు పెట్టారు. కొందరు నవ్వారు.

రేగడిపాడు పెద్ద కంబగిరి రెడ్డి కూడా నవ్వినవాడే. "ఏం తిప్పక్కా, నీ రాతి దేవతకు ఆకలి ఎక్కువైందా?" అన్నాడు.

"అమ్మకు కాదు రెడ్డీ. వాన పడని ఏటికి."

"ఏ ఊరికి పంచుతావు?"

"ఏ ఊళ్లో పొయ్యి ఆరితే ఆ ఊరికి."

"అదే వద్దంటాండా. ఈ ఊరి గింజ ఈ ఊరిది. నా ఊళ్లో ఎవరికన్నా లేకుంటే వచ్చి అడుగుతారు, పెడతా. పక్క ఊరి కడుపులు నాకెందుకు?" అని పంపించేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. తలుపు తట్టినవారికి లేదనకుండా పెట్టేవాడు. తట్టనివారి సంగతి ఆయన తలపులోకి రాలేదు, అంతే.

తిప్పక్క ఆ ఏడూ తిరిగింది, మరుసటి ఏడూ తిరిగింది. గుహలో గింజ మోకాటి ఎత్తు, నడుమెత్తు, చివరికి అమ్మవారి గంప ఎత్తుకు చేరింది.

అప్పుడు కరువు వచ్చింది. మొదట పడమట, తర్వాత తూర్పున కూడా మేఘం ముఖం చాటేసింది. గుడ్డ కొనేవారు లేక మగ్గాలపల్లెలో మగ్గాలు ఆగిపోయాయి. తిప్పక్క గుహ తెరిచి గింజలు దించింది. ఊరి నడుమ రచ్చబండ దగ్గర గంప పెట్టి "రండి, కొలిపించుకోండి" అని కేక వేసింది. చాలామంది వచ్చారు. వచ్చినవారు తల వంచుకుని ఒడి పట్టారు.

గుట్ట పైనుంచి చూస్తే రెండు వైపుల ఊళ్ల ఇళ్ల కప్పులూ కనిపిస్తాయి. సాయంత్రం పొయ్యి రాజేసే వేళకు ఏ కప్పు మీదినుంచి పొగ లేస్తోందో, ఏ కప్పు మీదినుంచి లేవడం లేదో తిప్పక్క చూసేది. గింజలు పంచిన మరునాడు కూడా మగ్గాలపల్లె చివరి ఇంటినుంచి పొగ లేవలేదు. అది నీలకంఠప్ప ఇల్లు. చుట్టుపక్కల దేవుళ్లందరికీ పట్టుబట్టలు నేసిన చేయి అతనిది. తిప్పక్క గంపతో వెళ్లి తలుపు తట్టింది.

"గింజలు తెచ్చినా నీలకంఠప్పన్నా. తీసుకో."

లోపలినుంచి గొంతు మాత్రమే వచ్చింది. "మాకేం కరువు లేదు తల్లీ. లేనోళ్లకు ఇయ్యి."

"పొయ్యి రాజేయలేదు గదన్నా."

"ఇచ్చే చెయ్యి మాది. చాపడం తెలీదు. పోయి రా."

తలుపు తెరుచుకోలేదు. తిప్పక్క గంపను గడప ముందు పెట్టి వెళ్లింది. మర్నాడు ఉదయం వచ్చి చూస్తే గంప పెట్టినచోటే ఉంది. తలుపు తెరిచి ఉంది. లోపల నీలకంఠప్ప ముసలి తల్లి చాప మీద పడుకుని ఉంది. ఆమె ఇక లేవదు. నీలకంఠప్ప భార్య చౌడమ్మ మూలన కూర్చుని పసిబిడ్డను ఒళ్లో పట్టుకుంది. బిడ్డ ఏడవడం మానేసింది. ఏడ్చే ఓపిక లేక.

గింజ ఉంది, గంప ఉంది, గడప దాకా వచ్చింది. అయినా ప్రాణం పోయింది. ఆ ముసలమ్మను సాగనంపి, తిప్పక్క గుట్టెక్కి అమ్మవారి ముందు కూలబడింది. "ఇంకేం చేయాలమ్మా? నోట్లో కుక్కమంటావా?" అని నిలదీసింది. అలిసిపోయి ఆ మధ్యాహ్నం అక్కడే కునుకు తీసింది.

కలలో అమ్మవారు ఎండలో నడిచి వస్తున్నారట. నెత్తిన గంప, ముఖమంతా చెమట. "తిప్పక్కా, మెడలు పీక్కుపోతాండాయి. ఎవరూ దించుకోరేమి?" అని చేతులు చాపారట. తిప్పక్క పరుగున పోయి గంప దించబోయింది. అంతలోనే మెలకువ వచ్చింది. లేచి చూస్తే, నిన్నటిదాకా గంప వైపు లేచి ఉన్న అమ్మవారి రాతి చేతులు ముందుకు చాపి ఉన్నాయని పెద్దలు చెబుతారు.

తిప్పక్కకు అర్థమైంది. గంప నిండా గింజలు నింపుకుని తిన్నగా నీలకంఠప్ప ఇంటికి పోయింది. ఈసారి తలుపు తట్టలేదు. గడప ముందు నిలబడి రొప్పుతూ పిలిచింది. "ఓ చౌడమ్మా! మెడ ఇరుగుతాంది తల్లీ. ఈ బరువు రవ్వంత దించుకోవా? నీకు పుణ్యముంటాది."

చౌడమ్మ బయటికి వచ్చింది. బరువుతో ఉన్న మనిషి దించమని అడిగితే కాదనే ఇల్లు ఆ పల్లెలో లేదు. ఒంట్లో సత్తువ లేకపోయినా రెండు చేతులూ ఎత్తి గంప అందుకుని దించింది.

"ఇంత మోసుకుని యాడికి పోతాండావక్కా?"

"ఇంక పోలేను. ఈడనే ఉండనీ, అమ్మవారి గింజ ఇది. నువ్వు దించినావు, నీ ఇంట్లోనే వండు. రేపు గంప మాత్రం నాకు తెచ్చియ్యి" అని చెప్పి తిప్పక్క వెనక్కి చూడకుండా నడిచింది.

చౌడమ్మ చాలాసేపు గంప పక్కన నిలబడింది. లోపలినుంచి నీలకంఠప్ప వద్దనలేదు. ఆ సాయంత్రం గుట్ట మీదినుంచి చూస్తున్న తిప్పక్కకు ఆ కప్పు మీద సన్నగా పొగ కనిపించింది. ఆమె అక్కడే కూర్చుని కళ్లు తుడుచుకుంది.

మర్నాడు చౌడమ్మ ఖాళీ గంపతో గుట్టెక్కి వచ్చింది. "అక్కా, ఇంకే ఇంట్లో పొగ రాలేదు? చెప్పు, నేను మోస్తా" అంది. ఆమె వెనక ఇంకొందరు ఆడవాళ్లు వచ్చారు. అలా గుట్టకు నాలుగు దిక్కులా గంపలు దిగాయి. ఎక్కడా "తీసుకో" అన్న మాట లేదు. "దించుకో తల్లీ" అన్న మాటే.

అయితే ఎంత గింజ అయినా ఎన్నాళ్లని వస్తుంది? గుహ అడుగు కనపడసాగింది. మంద ఎండుగడ్డికి కూడా నోచుకోక చిక్కిపోయింది. తిప్పక్క కంబగిరి రెడ్డి ఇంటికి వెళ్లింది.

"నీ పాతరలు తెరువు రెడ్డీ."

"మళ్లీ అదే మాటా? నా ఊరికి దాచుకోవద్దా? మా ఊళ్లో ఒక్కడూ వచ్చి లేదని చెప్పలేదు. దేవుడి దయవల్ల మాకు ఆకలి లేదు."

"గుట్టెక్కి నాతో రా. ఒక్క సాయంత్రం. చూసినాక కూడా కాదంటే నేను మళ్లీ నీ గడప తొక్కను."

ఇక ఈ పోరు తప్పుతుందనుకుని రెడ్డి వచ్చాడు. పొద్దు వాలుతోంది. తూర్పువైపు రేగడిపాడు కప్పులు వరుసగా కనిపిస్తున్నాయి. ఊరి నడుమ ఇళ్లమీద పొగ లేచింది. తూర్పు కొసన ఉన్న వాడలో, రెడ్డి పొలాల్లో పని చేసేవారి ఇళ్లమీద, ఏమీ లేదు. పొద్దు పూర్తిగా కుంకేదాకా ఇద్దరూ నిలబడి చూశారు. అక్కడ పొగ లేవలేదు.

"వాళ్లు నన్ను అడగలేదే" అన్నాడు రెడ్డి.

"అడగరు రెడ్డీ. నీ పొలంలో ఇన్నేళ్లు చేసినోళ్లు. నీ ముందు చెయ్యి చాపి, రేపు నీ ముందే తలెత్తుకుని ఎట్లా నిలబడతారు?"

"ఎన్నాళ్లనుంచి?"

"వారంగా చూస్తాండా. నిన్నటిదాకా మా గంపలు ఆ వాడకు పోయినాయి. ఇంక నా దగ్గర గింజ లేదు."

రెడ్డి గుట్ట దిగాడు. తెల్లవారగానే పాతర మీది మన్ను తానే తవ్వించి, రాయి తొలగించి, మొదటి గంప తన నెత్తిన పెట్టించుకున్నాడు. పాలేర్లు మోస్తామంటే ఒప్పుకోలేదు. బరువు మోసి అలవాటు లేని మెడ వణుకుతుండగా తన ఊరి వాడలోకే నడిచి, ఒక పూరింటి ముందు ఆగాడు. "అమ్మా, మోయలేకపోతాండా. కాస్త దించుకోండి" అని పిలిచాడు. ఆ ఇంటి ముసలాయన వచ్చి గంప దించాడు. దించి, రెడ్డి మెడ మీద చెయ్యి వేసి రుద్దాడు. రెడ్డి అప్పుడు ఏడ్చాడని చెబుతారు.

ఆ రోజు మొదలు తూర్పు ఊళ్ల పాతరలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. గింజ మొదట గుట్టెక్కేది, అక్కడినుంచి పొగ లేని ఇంటికి దిగేది. మళ్లీ వానలు పడేదాకా ఈ చుట్టుపక్కల ఆకలితో ఇంకొక ప్రాణం పోలేదు. వానలు పడ్డ ఏట అన్ని ఊళ్లవారూ కలిసి గుహ ముందు గుడి కట్టారు. అమ్మవారికి మొదటి చీర నీలకంఠప్ప నేశాడు. తిప్పక్క కాలం చేసేదాకా గొర్రెలు కాస్తూనే అమ్మవారికి దీపం పెట్టింది. ఆమె తర్వాత ఆ బాధ్యత చౌడమ్మ వంశంలోని ఆడవారికి వచ్చింది. నేటికీ ఇక్కడ పూజారిణులు వారే.

ఇప్పుడు అందరి ఇళ్లలోనూ గ్యాసు పొయ్యిలే కాబట్టి గుట్ట మీదినుంచి పొగ చూసి ఆకలి కనిపెట్టే వీలు లేదు. అందుకని ఒక్కో ఊరి నుంచి ఇద్దరేసి ఆడవారు వీధులన్నీ తిరిగి, పలకరించి, మాటల్లో తెలుసుకుని వస్తారు. మిల్లులవారు, దుకాణదారులు, మార్కెట్ యార్డు రైతులు పంపే ధాన్యం, పప్పులు, నూనె గుడి వెనక గిడ్డంగిలో చేరతాయి. గిడ్డంగి నుంచి ఆటోలు, వ్యాను చుట్టుపక్కల మండలాలన్నిటికీ తిరుగుతాయి. వరదలు వచ్చినప్పుడు, పనులు నిలిచిపోయినప్పుడు ఆ వ్యాను రోజంతా ఆగదు. ఏ ఇంటి ముందు ఆగినా, తెచ్చినవారు అనవలసిన మాట ఒక్కటే: "బరువుగా ఉందమ్మా, కాస్త దించుకోండి." ఎవరు దించుకున్నారని అడగకూడదు, దించుకున్నవారి గురించి ఇంకొకచోట చెప్పకూడదు. ఇది అమ్మవారి ఆన.

గుట్టకు వచ్చే భక్తులు గంపతో మెట్లెక్కి, మండపంలో ఎవరైనా దించేదాకా నిలబడాలి. తమంతట తాము దించుకోరాదు. ముందు నిలిచినవారు ఎవరైనా సరే, కులం, ఊరు అడగకుండా వారిచేతనే దింపించుకోవాలి. పంట ఇంటికి రాగానే మొదటి గంప అమ్మవారికి పెట్టిన ఇంట గాదె అడుగు కనపడదని, సంతానం లేనివారు పసిబిడ్డ ఉన్న ఇంటికి గంప మోస్తే కోరిక తీరుతుందని భక్తుల విశ్వాసం. ప్రతి మంగళవారం, శ్రావణమాసమంతా విశేష పూజలు జరుగుతాయి.

ఇక చివరగా ఒక మనవి. దూరంనుంచి ఖాళీ కడుపుతో వచ్చినవారు దర్శనం వరుసలో నిలబడవద్దు. మెట్ల కుడివైపున అన్నశాల ఉంది, తలుపు వేసి ఉండదు. ముందు అక్కడికి వెళ్లి తినండి. మీరు తిని వచ్చేదాకా గర్భగుడిలో హారతి ఆగుతుంది.