న్యాయబండ దిగిన ఎలుగుబంటి

నేరేడుకోన అనే అడవిలో కొండముచ్చులు, కోతులు, ఎలుగులు, ఉడుములు, చిలకలు, ఇంకా సవాలక్ష జీవులు ఉండేవి. కోన మధ్యలో ఒక వాగు పారేది. వాగుకు ఇవతల కొండముచ్చులు, అవతల కోతులు. సరిగ్గా ఒడ్డు మీద ఒక పెద్ద నేరేడు చెట్టు. ఆ చెట్టు మాదంటే మాదని రెండు పక్షాలూ యుద్ధానికి దిగాయి. పళ్ళు మాగి నేలరాలుతున్నా తినే తీరిక ఎవరికీ లేదు. చేతుల్లో రాళ్ళుంటే పళ్ళు ఎలా పట్టుకుంటారు?

ఆ యుద్ధంతో ఏ సంబంధమూ లేని సంసారం ఒకటి, వాగు ఇవతల మద్దిచెట్టు తొర్రలో ఉండేది. అది కొమ్ముపిట్టల సంసారం. ముక్కు మీద ఇంకో ముక్కు బోర్లించినట్టు ఉంటుందే, ఆ పిట్ట! తల్లి పేరు పైడమ్మ, తండ్రి పేరు గవరయ్య.

కొమ్ముపిట్టలకు ఒక ఆచారం ఉంది. గుడ్లు పెట్టే వేళకు తల్లి తొర్రలోకి వెళ్ళి, ద్వారాన్ని లోపలి నుంచి మట్టితో మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. లోపల ఉండగానే దాని రెక్కల ఈకలు రాలిపోతాయి, కొత్తవి వచ్చేదాకా ఎగరలేదు. పిల్లలు ఎదిగి గోడ పగలగొట్టేవరకూ తండ్రి తెచ్చే తిండే అందరికీ ఆధారం.

గవరయ్య పొద్దున్నే వెళ్ళి నేరేడుపళ్ళు గొంతునిండా నింపుకొచ్చి, ఒక్కొక్కటే సందులోంచి అందించేవాడు. పైడమ్మ పిల్లలకు పెట్టి, తాను తిని, గింజలను బయటికి విసిరేది. తొర్ర శుభ్రంగా ఉండాలి మరి!

"కాస్త నువ్వూ తినయ్యా" అనేది పైడమ్మ.

"దారిలో తిన్నాలే" అనేవాడు గవరయ్య. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ఒకరోజు గవరయ్య రాలేదు. పొద్దు వాలినా రాలేదు. పిల్లలిద్దరూ నోళ్ళు తెరిచి అరిచి అరిచి నిద్రపోయారు. పైడమ్మ సందుకు కన్ను ఆనించి తెల్లవార్లూ చూస్తూనే ఉంది.

తెల్లారాక తండ్రి రాలేదు గానీ, చిలక బంట్రోతు వచ్చింది. కొమ్మ మీద నిలబడి, గొంతు సవరించుకుని, "పైడమ్మా! పైడమ్మా! పైడమ్మా! హాజరు కావాలహో!" అని కేక పెట్టింది.

"ఇక్కడే ఉన్నాను నాయనా. ఎందుకంత అరుపు? పిల్లలు లేస్తారు. ముందు మా ఆయన ఎక్కడున్నాడో చెప్పు."

చిలక సంగతంతా చెప్పింది. కొండముచ్చుల సేనాపతి ఉద్దండుడు గవరయ్యను నేరేడు చెట్టు మీద పట్టుకున్నాడు. మన పళ్ళు కోతుల సైన్యానికి చేరవేస్తున్నాడని రెక్క మెలిపెట్టి, అడవి తగవులు తీర్చే న్యాయబండ దగ్గరికి ఈడ్చుకెళ్ళాడు. నా పెళ్ళాంబిడ్డలకే తీసుకెళ్తున్నానని గవరయ్య మొత్తుకున్నాడు. సాక్ష్యం ఏదని ఉద్దండుడు గద్దించాడు. భార్య వచ్చి బండ ముందు నిలబడి చెప్పేదాకా గవరయ్యను ముళ్ళపొదలో ఉంచమని న్యాయాధికారి, ఎలుగుబంటి దుబ్బయ్య, ఆజ్ఞ వేశాడు.

"నువ్వు రాకపోతే విచారణ అమావాస్యకు వాయిదా" అంది చిలక.

అమావాస్యదాకా పిల్లలు బతకరు. పైడమ్మ గోడ పగలగొడదామని ముక్కు ఎత్తింది. అప్పుడు కింద చెట్టు మొదట్లో ఉడుము కనిపించింది. అది పైకే చూస్తూ నాలుక ఆడిస్తోంది. గోడ పోతే ఆ నాలుక నేరుగా తొర్రలోకే వస్తుంది. పైగా తాను ఎగరలేదు. పైడమ్మ ఎత్తిన ముక్కు దించుకుంది. ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే గెలిచింది.

"చూడు నాయనా! ఆ బండ కదలదు. నేను కదల్లేను. మీ అయ్యగారికి మాత్రం నిక్షేపంలాంటి నాలుగు కాళ్ళున్నాయి. ఆయన్నే రమ్మని చెప్పు."

చిలక నోరు వెళ్ళబెట్టింది. దుబ్బయ్య బండ దిగి విచారణ చేసిన రోజు ఆ అడవి చరిత్రలోనే లేదు. అయినా వెళ్ళి, ఉన్నమాట ఉన్నట్టు చెప్పింది. దుబ్బయ్య గుర్రుమన్నాడట. తర్వాత తన కాళ్ళ వంక ఒకసారి చూసుకున్నాడట.

మధ్యాహ్నానికి పైడమ్మకు కింద బరువైన అడుగుల చప్పుడు వినిపించింది. దుబ్బయ్య వస్తున్నాడు! వెనకే ఉద్దండుడు, చిలక, రెక్క వేలాడేసుకుని గవరయ్య. అంత పెద్ద కాళ్ళు వచ్చేసరికి ఉడుము చడీచప్పుడు లేకుండా పొదల్లోకి జారుకుంది.

చెట్టు దగ్గరికి రాగానే దుబ్బయ్య కాలు జర్రున జారింది. తమాయించుకుని కిందికి చూశాడు. అక్కడ గింజలు గుట్టపడి ఉన్నాయి. అన్నీ నేరేడు గింజలే.

"ఉద్దండా, పళ్ళు వాగు అవతలికి పోయాయన్నావు. మరి గింజలు ఇవతలికి ఎలా వచ్చాయి?"

ఉద్దండుడు తడబడ్డాడు. అయినా తగ్గలేదు. "యుద్ధమన్నాక కొందరికి కష్టం తప్పదయ్యా! పిల్లల ఆకలి చూస్తూ కూర్చుంటే గెలిచేదెప్పుడు?"

దుబ్బయ్య చెట్టుకు చెవి ఆనించాడు. లోపల సన్నగా, నీరసంగా కుయ్యిమని వినిపించింది. ఆయన ముఖం మారిపోయింది.

"సేనాపతీ, పైకెక్కు. నీ శత్రుసైన్యం ఎంత ఉందో చూసి చెప్పు."

ఉద్దండుడు ఎక్కి, సందులోంచి తొంగిచూశాడు. ఈకలైనా సరిగ్గా రాని రెండు పిల్లలు. నాన్న వచ్చాడనుకుని అతని ముఖం కేసి నోళ్ళు బార్లా తెరిచాయి. ఉద్దండుడి దగ్గర పెట్టడానికి ఏమీ లేదు. చేతిలో రాయి ఉంది.

అతను కిందికి దిగి తల వంచుకున్నాడు.

"గవరయ్య తప్పేమీ లేదు" అన్నాడు దుబ్బయ్య. "ఆ రెక్క విరిచింది నువ్వు. అది నయమయ్యేదాకా ఈ పిల్లల మేత నీ పని. ఆ రాయి కింద పడెయ్."

ఉద్దండుడు వెంటనే నేరేడు చెట్టెక్కాడు. అవతల కోతులు రాళ్ళెత్తాయి. "పిల్లలకు..." అని గొణిగాడతను. రొమ్మున పిల్లను హత్తుకున్న ఒక ముసలి కోతి, "కొట్టకండర్రా!" అని తన వాళ్ళను ఆపింది. ఉద్దండుడితో, "ఆ కింది కొమ్మవి వగరు నాయనా. పైకి వెళ్ళు, మాగినవి ఉన్నాయి" అంది.

మొదటి పండు అందించినప్పుడు పైడమ్మ అతని చేతిని పొడిచింది. పండు మాత్రం తీసుకుంది. రోజూ అతను వచ్చాడు, రోజూ ఆమె పొడిచింది, పొడుపు మాత్రం రోజురోజుకూ మెత్తబడింది. గవరయ్య కిందికొమ్మ మీద కూర్చుని, "ఆ పెద్ద పండు చిన్నదానికి పెట్టు" అని పనులు పురమాయించేవాడు. సేనాపతి ఇలా పళ్ళు మోస్తూ తిరుగుతుంటే యుద్ధం నడిపేదెవరు? కొండముచ్చులు ఒక్కొక్కటే రాళ్ళు వదిలేసి చెట్టెక్కాయి. కోతులూ ఎక్కాయి. పళ్ళు అందరికీ సరిపోయాయి. ఉద్దండుడికి సైన్యమే లేకుండా పోయింది.

దుబ్బయ్య అప్పటినుంచి బండ మీద కూర్చోవడం మానేశాడు. తగవు ఎక్కడుంటే అక్కడికే నడిచి వెళ్ళేవాడు. నడిచి నడిచి కాస్త సన్నబడ్డాడు కూడా.

తొలకరి పడింది. మద్దిచెట్టు కింది గింజలు మొలకెత్తాయి. గవరయ్య రెక్క ఎప్పుడో బాగైంది. గోడ పగిలిన రోజున పైడమ్మ బయటికొచ్చి, కొత్త ఈకలు విదిలించుకుని, భర్త పక్కన వాలింది. వెనకే చిన్నపిల్ల బయటికి తల పెట్టింది. నాన్నను చూసింది, పక్కనే ఉన్న ఉద్దండుడిని చూసింది. ఉద్దండుడి కేసి తిరిగి నోరు తెరిచింది.

పైడమ్మ నవ్వింది. "ఇంకా చూస్తావేం అన్నయ్యా? పెట్టు!"

ఉద్దండుడి గుప్పిట్లో పండు సిద్ధంగానే ఉంది.

నీతి: పెద్దల పోరులో ముందు నలిగేది పసివాళ్ళ ఆకలే. తన దగ్గరికి రాలేని వాళ్ళ దగ్గరికి తానే నడిచి వెళ్ళేది నిజమైన న్యాయం.