మంచుపాపకు వేసిన పక్క

ఒకప్పుడు మన కొండ సాలీడుకు సొంత ఇల్లంటూ ఉండేది కాదర్రా! దాని పేరు సన్నమ్మ. ఇవాళ ఈ కొమ్మన, రేపు ఆ కొమ్మన గూడు కట్టుకుని, గాలికి ఊగుతూ కూర్చునేది. దారాలకు చిక్కటి బంక పూసేది. ఈగ వచ్చి వాలిందా, అంతే సంగతులు!

సన్నమ్మకు ఉన్నదల్లా ఒకే ఒక్క నేస్తం, మంచుపాప. ఆ రోజుల్లో మంచుపాప ఏడాది పొడుగునా కొండమీదే ఉండేది. తెల్లారకముందే వచ్చి కొమ్మకింద నిలబడి కబుర్లు మొదలెట్టేది. ఇద్దరూ కలిస్తే ఒకటే నవ్వులు. అబ్బ, ఆ రోజులే వేరు!

ఒకనాడు సన్నమ్మకు మహా సిగ్గేసింది. "రోజూ నిలబెట్టే మాట్లాడుతున్నానే! ఇంటికొచ్చినవాళ్లకు చాపైనా వెయ్యకపోతే ఎలా?" అనుకుంది.

వెంటనే చెట్టు దిగి, గడ్డిమీద వెడల్పుగా ఒక పక్క నేసింది. నేస్తానికి ఏ లోటూ రాకూడదని ఉన్న బంకంతా దానికే పూసింది. సాలీడు బుద్ధి మరి! బంక లేని నేత దానికి తెలిస్తేగా?

మంచుపాప వచ్చి కూర్చుంది. "ఎంత మెత్తగా ఉందే సన్నమ్మా!" అని మురిసిపోయింది. కబుర్లలో పడి ఇద్దరూ పొద్దు సంగతే మరిచిపోయారు. కొండ వెనకనుంచి సూరీడు తల ఎత్తాడు.

"అమ్మో, నేను పోవాలే!" అంటూ మంచుపాప లేవబోయింది. లేవలేకపోయింది. పావడా అంతా బంకకు అతుక్కుపోయింది.

"సూరీడు మామా, కాస్త ఆగవా!" అని సన్నమ్మ మొత్తుకుంది.

"నేనాగితే లోకానికి తెల్లారదు తల్లీ! నావల్ల కాదు," అన్నాడాయన.

మంచుపాప అంచులనుంచి కరిగిపోతోంది. సన్నమ్మ తను నేసిన పక్క మూలను గబగబా గడ్డి దుబ్బులోకి లాగి, గుండ్రంగా చుట్టి, చల్లటి గొట్టం చేసింది. ఆపైన ఒక్కో దారానికున్న బంకంతా నాకేసింది. నోరు పూసిపోయినా ఆగలేదు. ఆఖరికి మంచుపాప జారి గొట్టంలో పడింది. ఎండ అక్కడికి రాలేకపోయింది.

సాయంత్రానికి మంచుపాప నీరసంగా బయటికొచ్చింది. "ఈ ఎండలు నేనిక తట్టుకోలేనే. చలికాలంలోనే వస్తాను. కానీ నువ్వు కొమ్మకొమ్మకూ తిరుగుతుంటే నిన్నెక్కడని వెతకను?" అంది.

సన్నమ్మకు ఏడుపు ఆగలేదు. "ఈ కొండ దాటను. ఈ గుమ్మం వదలను. బంక ముట్టనే ముట్టను," అంది.

"పిచ్చిదానా, మరి తిండో?"

"కాళ్లున్నాయిగా! పరిగెత్తి పట్టుకుంటాను."

అప్పటినుంచే ఆ సాలీడు ఆ కొండ విడిచి ఎక్కడికీ పోదు. గడ్డిలో బంక లేని పక్క పరిచి, గొట్టం గుమ్మంలో కూర్చుంటుంది. దారం కాస్త కదిలితే చాలు, నేస్తమే వచ్చిందనుకుని ఒక్క ఉరుకున వస్తుంది. ఈగైతే తింటుంది. ఎండుటాకైతే చిన్నబోయి వెనక్కి వెళ్తుంది. చలికాలం పొద్దున్నే వెళ్లి చూడండి, పక్కనిండా మంచు కూర్చుని ఉంటుంది. సన్నమ్మ మాత్రం గొట్టంలో ఇంకాస్త లోపలికి జరిగి, ఎండొస్తే నేస్తం దాక్కునేందుకు చోటిచ్చి ఉంటుంది.