సుక్కురమ్మ పడగొట్టిన గుగ్గిలం చెట్టు

అనగనగా అంటాం కదా, ఆ అనగనగాకి కూడా ముందరి మాట ఇది. కొండ మీద ఒక ఊరు. ఊరి చుట్టూ గుగ్గిలం అడవి. ఆ ఊళ్ళో సుక్కురమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. గుగ్గిలం ఏరి సంతలో అమ్ముకుని గంజి తాగేది. నలుగురిలో నోరెత్తేది కాదు.

ఆ ఊళ్ళో ఇంటికొక చెట్టు. ఇంట్లో ఎవరు పోయినా ఆ ఇంటి చెట్టు గుగ్గిలమే ధూపం వెయ్యాలి. ఆ పొగ పట్టుకునే పోయినవాళ్ళు పెద్దల్లో కలుస్తారని నమ్మకం. పొగ లేనివాళ్ళకి దారి లేదు. అందుకని ఇంటి చెట్టుకి ఎవరూ గొడ్డలి తగలనిచ్చేవారు కాదు.

ఒక ఏడు అడవికి పురుగు పట్టింది. మాను లోపల దూరి తొలిచేది. మొదట చెట్టు మొదట్లో పిండిలా పొట్టు రాలేది. తరవాత ఆకు ఎండేది. తరవాత చెట్టే ఎండేది. మొదటి ఏడు ఎగువ కొండ పోయింది. రెండో ఏడు లోయ పోయింది. మూడో ఏటికి పచ్చగా మిగిలినవి ఇంటి చెట్లే.

సుక్కురమ్మ పసుపునీళ్ళు పోసింది. పురుగు చావలేదు. బొరియల్లో బంకమన్ను కూరింది. పురుగు ఇంకోచోట తొలుచుకుంది. ఇనపచువ్వతో గుచ్చి లాగింది. చేతులు బొబ్బలెక్కాయి గానీ అడవిలో ఒక్క చెట్టూ దక్కలేదు.

"ఇంక మానెయ్యే," అన్నారు ఆడవాళ్ళు.

"దాని పని అది సేత్తంది. నా పని నాను సెయ్యాల," అంది పురుగుని చూపించి.

తొలకరికి లోపలి పురుగు రెక్కలు మొలిచి బయటికొస్తుంది. కొత్త చెట్ల మీద గుడ్లు పెడుతుంది. ఆ ఏడు తొలకరి గాలికి ఒక పచ్చి కొమ్మ విరిగింది. సుక్కురమ్మ వెళ్ళి చూస్తే, విరిగినచోట పసరు తాగి, కల్లు తాగినోళ్ళలా పడున్నాయి రెక్కల పురుగులు. ముట్టుకున్నా ఎగరలేదు.

"కొమ్మకే ఇన్నొత్తే, మానుకెన్నొత్తాయో," అనుకుంది.

మొదటి ఇంటికెళ్ళింది. "బావా, ఒక్క సెట్టియ్యి. పడగొట్టి బెరడు నలగ్గొడితే పురుగంతా దాని మీదకే వత్తాది. ఏరి సంపేద్దాం."

"మాయమ్మ మంచం మీదుంది. దానికి పొగ వొద్దేటి?"

రెండో ఇంటికెళ్ళింది. "సెట్టుని బతికించడానికి సెట్టు నరుకుతావేటే? నీకేటైనా పూనిందేటి?"

మూడోది ఊరిపెద్ద బీసన్న నాయుడిల్లు. ఆయన నవ్వేశాడు. "ఎవులి సెట్టో ఎందుకే? నీకు నేదేటి?"

సుక్కురమ్మ చెయ్యి చాపింది. "ఉంది మావా. నీ గొడ్డలియ్యి," అంది.

నవ్వుతూనే గొడ్డలిచ్చిన నాయుడు, మొదటి దెబ్బ వినేసరికి పరిగెత్తుకొచ్చాడు. "ఒసే, నవ్వులాటకన్నానే! రేపు నీకు పొగెవులేత్తారు?"

"దాని పని అది సేత్తంది మావా. నా పని నాను సెయ్యాల."

చెట్టు పడింది. బెరడంతా నలగ్గొట్టింది. పురుగు రాలేదు.

"పొగా పోయింది, పురుగూ రానేదు," అని ఎవరి ఇళ్ళకి వాళ్ళు పోయారు. సుక్కురమ్మ పోలేదు. కొడుతూనే ఉంది. మర్నాడు వాన కురిసి వెలిసింది. ఝుమ్మని మోత. మాను కనపడకుండా ముసురుకున్నాయి పురుగులు. ఆవిడ కేకకి ఊరంతా బుట్టలతో వచ్చింది. నాయుడు తలపాగా విప్పి అందులోకే ఎత్తాడు. ఏరారు, కాల్చారు, మళ్ళీ ఏరారు. మరుసటేటికి పొట్టు రాలడం తగ్గింది. ఆ పైఏటికి లోయలో మొలకలు లేచాయి.

చాలా ఏళ్ళకి సుక్కురమ్మ పోయింది. వాకిట్లో పడుకోబెట్టారు. నిప్పు ఉంది, పొగ లేదు. ముసలి నాయుడు తన చెట్టు గుగ్గిలం దోసెడు తెచ్చాడు.

"ఒకింటిది ఇంకోరికి ఎయ్యకూడదు గదా," అన్నారెవరో.

"నా ఇంటి సెట్టు నిలబడుందంటే ఎవులి వల్లరా?" అని నిప్పులో పోసేశాడు.

ఇంక ఎవరూ ఆగలేదు. ఇంటింటి నుంచీ వచ్చింది గుగ్గిలం. ఆ పొగకి కొండే కనపడలేదట.

ఇప్పటికీ ఆ వైపు చెట్టు మొదట్లో పొట్టు రాలితే, తొలకరికి ఒక ఇల్లు తన చెట్టు ఇస్తుంది. ఇచ్చిన ఇంటిని సుక్కురమ్మ ఇల్లంటారు. ఆ ఇంట్లో ఎవరు పోయినా ఊరంతా గుగ్గిలం తేవాలి. అందుకే వాన మబ్బు పట్టిందంటే చాలు, ముసలమ్మలు దెబ్బలాడుకుంటారు: "ఈయేడు నా సెట్టే కొట్టండొరే! నాకు ఊరంత పొగ కావాల!"